అత్త స్థలం మీద తెల్ల పక్షి

ఇది ఆకాశానికీ భూమికీ మధ్య జరిగిన మహాయుద్ధం. ఇందులో రెక్కలున్నాయి, నెత్తురుంది, విశ్వాసముంది. నిజం చెప్పాలంటే యుద్ధం నాలుగు సెకన్లు. పోయింది ఒక ఎలుక.

మా మేనత్త రేపల్లెలో టీచరు. బాపట్ల శివార్లలో, వరి పొలాల పక్కన ఒక ఇంటి స్థలం చూసుకుంది. కొనాలా వద్దా అని ఆర్నెల్లు ప్రార్థన చేసింది. మామయ్యకు మాత్రం రేపల్లె దాటితే అంతా అడవే. ఒక ఆదివారం చర్చి అయ్యాక అత్త ఆ స్థలంలో నిలబడి, కళ్ళు మూసుకుని ప్రార్థించి తెరిచేసరికి, సరిగ్గా నెత్తిమీద ఒక తెల్ల పక్షి గాల్లో కదలకుండా నిలబడి ఉందట. యేసు బాప్తిస్మమప్పుడు దిగొచ్చిన పావురం లాంటిదే. ఇక స్థలం ఖాయం.

మామయ్య తెనాలిలో ఉన్న నాకు ఫోన్ చేశాడు. "అల్లుడూ, నీకు పక్షుల పిచ్చి కదా. బైనాక్యులర్స్ పట్టుకుని రా. అది పావురం కాదని తేల్చు."

గంటకు అత్త ఫోన్. "పావురమేనని మామయ్యకి చెప్పు నాన్నా. చేపల పులుసు పెడతా."

జడ్జికి రెండు వైపుల నుంచీ సిఫార్సులు అందాయి.

శనివారం ముగ్గురం వెళ్ళాం. పక్షి కరెంటు తీగ మీద ఉంది. పావురమంతే ఉంది. పొట్ట తెలుపు, వీపు బూడిద రంగు. అత్త నా వైపు గెలిచినట్టు చూసింది. బైనాక్యులర్స్‌లో మాత్రం భుజాల మీద నల్ల మచ్చలు, వంకర ముక్కు, మందారప్పువ్వు రంగు కళ్ళు కనబడ్డాయి. అంతలో అది లేచి, గాల్లో ఒకేచోట రెక్కలు కొట్టుకుంటూ, కాళ్ళు వేలాడేసి, తల వంచి కిందికి చూసింది.

"చూశావా, దీవిస్తోంది," అంది అత్త.

"వెతుకుతోంది అత్తా. అది గద్ద. మామూలు గద్దలా చుట్లు కొట్టదు. ఇలా నిలబడి వేటాడుతుంది."

"తెల్లగా ఉందిగా?"

"ఓట్లకొచ్చేవాళ్ళూ తెల్లగానే వస్తారు," అన్నాడు మామయ్య.

అది రెక్కలు పైకెత్తి, అత్త హాలు కట్టాలనుకున్న చోట రాయిలా పడింది. లేచేటప్పుడు గోళ్ళలో ఎలుక.

మామయ్య నవ్వకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాడు. ఆ పక్షి తెలుగు పేరు అడవి రామదాసు. లూథరన్ చర్చికెళ్ళే అత్తకు ఆ సంగతి ఆ రోజే చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

అత్త నేలమీద బొరియలు చూసుకుంటూ ఒక చుట్టు నడిచొచ్చింది.

"ఇక్కడ ఎలుకలు చాలా ఉన్నాయా?"

"దానికి రోజూ భోజనం దొరికేన్ని."

మామయ్య వైపు తిరిగింది. "ఏవండీ, నేను దేవుణ్ణి పావురాన్ని పంపమని అడగలేదు. ఇక్కడ ఉండొచ్చా అని అడిగాను. ఎలుకలున్న చోటికి, వాటిని పట్టేవాణ్ణి ముందే పంపాడు చూడండి."

మామయ్య అడుగులేసి స్థలం కొలవడం మొదలుపెట్టాడు.

ఇల్లు కట్టి ఏడాదైంది. పక్షి ఇంకా వస్తోంది. అత్త దానికి థాంక్స్ చెబుతోంది. బియ్యం మాత్రం స్టీలు డ్రమ్ములో పోసి, మూత మీద రుబ్బురాయి పెడుతోంది.