పేరు చెప్పనక్కరలేని ఫోను

కనకమ్మ సత్రం కూడలిలో టీకొట్టు బెంచీ మీద కూర్చుని, మూడు దేశాల ముదలాళులను, అంటే ఫ్యాక్టరీ యజమానులను, ఒక్క గుక్కలో పోల్చి చెప్పగల మనిషి సుదర్శనం ఒక్కడే. ఆయన చెప్పేది వినడానికి తిరుత్తణి బస్సు కూడా కాసేపు ఆగి పోతుందని ఊళ్లో అంటారు. డ్రైవరు టీ కోసం ఆగుతాడని గిట్టనివాళ్లు అంటారు. వాళ్ల మాట వదిలేయండి.

తిరువళ్ళూరు దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఆయనది ప్రెస్ మిషను పని. ఆయన మిషను మారలేదు, గేటు మీద కంపెనీ పేరు మాత్రం మారుతూ వచ్చింది.

మొదట చెన్నై ముదలాళి. ఆ కంపెనీలో డైరెక్టర్లంతా అల్లుళ్లే. ఒక అల్లుడు అలిగితే ఒక షిఫ్టు మూతపడేది. కూలివాడికి కష్టం వస్తే ముదలాళి కారుకు అడ్డం నిలబడి తన పేరూ, తండ్రి పేరూ, ఊరి పేరూ చెప్పుకోవాలి. ఆయన నోరారా తిట్టి, పొద్దుగూకేలోపల పని చేసిపెట్టేవాడు, లేదంటే మరిచిపోయేవాడు. ఆయుధ పూజకు మిషనుకు గుమ్మడికాయ, మనిషికి పంచె.

తర్వాత జపాన్ వాళ్లు. తప్పు కనబడితే ఎవరైనా సరే నెత్తిమీది తాడు లాగి లైను ఆపేయవచ్చన్నారు. సుదర్శనం లాగి చూశాడు. పెద్ద మేనేజరు పరుగెత్తుకొచ్చి వంగి దండం పెట్టాడట. ఎంత వంగాడంటే జేబులోని పెన్నులన్నీ రాలిపోయాయట, అందులో ఒకటి ఇప్పటికీ ఇంట్లో ఉందట. ఏదీ చూపించమంటే సుదర్శనం భార్య కోకిల నవ్వి లోపలికి పోతుంది. వాళ్లు మీటింగుకు ముందే అన్నీ ఒప్పుకొని ఉంటారని, మీటింగులో తలలు ఊపడమే మిగిలిన పని అని సుదర్శనం చెబుతాడు.

ఇప్పుడు జర్మనీ వాళ్లు. వాళ్లకు రెండు బోర్డులు. ఒకటి కంపెనీని నడపడానికి, రెండోది ఆ నడిపేవాళ్లను కనిపెట్టుకుని ఉండటానికి. రెండో బోర్డులో కూలివాళ్లు కూడా కూర్చుంటారు, వాళ్ల దేశంలో. ఇక్కడ ఆ బోర్డు ఫోటో క్యాంటీన్ గోడకు ఉంది. వాళ్లు నీతికి ఎంత గట్టివాళ్లంటే, సుదర్శనం తిరుత్తణి కొండ మీది ప్రసాదం తీసుకుపోయి ఇస్తే కానుకలు పుచ్చుకోకూడదని రిసెప్షన్లో చీటీ కట్టి పెట్టారు. పైవాళ్ల నుంచి జవాబు వచ్చేలోపల చీమలు పుచ్చుకున్నాయి.

ఇన్ని చెప్పే మనిషి పోయిన ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, మాటలు మానేశాడు.

అదే మిషనుకు అవతలి పక్క నిలబడి పనిచేసేవాడు పాల్‌రాజ్. తామరైపాక్కం మనిషి, తమిళుడు, చర్చికి పోయేవాడు. ఎదురెదురుగా నిలబడి నిలబడి సుదర్శనం దగ్గరే తెలుగు నేర్చుకున్నాడు. ఆ ప్రెస్‌కు ఒక సెన్సార్ ఉంది. చెయ్యి లోపలికి పోతే మిషను దానంతటదే ఆగిపోతుంది. ఆ నెల ఆర్డర్లు ఎక్కువ. మిషను ఊరికే ఆగుతున్నదని ప్లాంటు మేనేజరు రోజూ అరుస్తున్నాడు. లైన్ సూపర్‌వైజర్ దినకర్ తాళంచెవి తిప్పి సెన్సార్‌ను ఆపేశాడు. దినకర్ సుదర్శనానికి సొంత అక్క కొడుకు. తాళంచెవి తిప్పడం సుదర్శనం చూశాడు. పాల్‌రాజ్ కుడిచేతి వేళ్లు పోవడమూ చూశాడు.

రిపోర్టులో కార్మికుడి అజాగ్రత్త అని రాశారు. ఆ మాట అట్లాగే నిలబడితే పాల్‌రాజ్‌ను ఇంటికి పంపించేస్తారు.

ఆ తర్వాత సుదర్శనానికి ఏమీ అనిపించలేదు. ఏడుపు రాలేదు, కోపం రాలేదు. ఉప్పు వెయ్యడం మరిచిపోయిన రసం పోసుకుని తిని లేచాడు. కోకిల తన కంచంలో కలుపుకున్నాక గానీ ఆ సంగతి తెలియలేదు.

లాగడానికి జపాన్ వాళ్ల తాడు ఎప్పుడో తీసేశారు. అడ్డం నిలబడటానికి ముదలాళి కారు లేదు. మిగిలింది క్యాంటీన్ గోడ మీద, బోర్డు ఫోటో కింద ఉన్న ఫోన్ నంబరు. తప్పు జరిగితే చెప్పండి, పేరు చెప్పనక్కరలేదు అని తమిళంలో రాసి ఉంది.

ఆదివారం స్నానం చేసి, విభూతి పెట్టుకుని, పెరట్లో నిలబడి ఫోన్ చేశాడు. ఎవరో ఆడమనిషి తమిళంలో మాట్లాడింది. పేరు అవసరం లేదని మొదటే చెప్పింది. జరిగిందంతా విని మళ్లీ చెప్పింది. మర్యాదకు అంటున్నదనుకున్నాడు సుదర్శనం. తిరుత్తణి కొండ మీద పేరూ నక్షత్రమూ చెప్పకుండా అర్చన చేయిస్తే అది ఎవరి తరఫున పోయినట్టు? ముదలాళి కారు ముందు కూడా పేరు చెప్పకుండా ఎవరైనా నోరు విప్పారా?

"సుదర్శనం," అన్నాడు. "చిత్తా నక్షత్రం. ఊరు కనకమ్మ సత్రం." గోత్రం కూడా చెప్పబోతే, చాలని ఆమే ఆపింది.

ఆమె పనిలో నిజాయితీ గలది. ఒక్క ముక్క వదలకుండా రాసుకుంది. ఆ మాటలు జర్మనీకి పోయి, అక్కడివాళ్లు చదివి, చెన్నై ఆఫీసుకు దిగి, అక్కణ్ణించి తిరువళ్ళూరు ప్లాంటుకు నక్షత్రంతో సహా తిరిగొచ్చాయి. గేటు దగ్గర వాచ్‌మన్ "వణక్కం, చిత్తా నక్షత్రం" అన్నప్పుడు గానీ సుదర్శనానికి సంగతి తెలియలేదు.

ఆ సాయంత్రం దినకర్ ఇంటికి వచ్చాడు. కోకిల కాఫీ ఇచ్చింది. అది పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి మాట్లాడాడు.

"నా పేరు చెప్పినావు, సరే. నీ పేరు ఎందుకు చెప్పినావు మామా?"

"పేరు లేకుండా చెప్తే చాడీ అవుతుంది గదరా."

"చెప్పకుండా ఉండింటే ఎవుడో చెప్పినాడనుకోని తిట్టుకోనుందును. ఇప్పుడు అమ్మకు ఏమని చెప్పేది?"

సుదర్శనం గ్లాసు వైపు చూశాడు. దినకర్ చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

విచారణ జరిగింది. సెన్సార్ మళ్లీ పెట్టారు, తాళంచెవి తీసేసుకున్నారు. దినకర్ ఉద్యోగం పోయింది. అరిచిన మేనేజరు ఇంకో ఊరి ప్లాంటుకు, ఇంకొంచెం పెద్ద కుర్చీలోకి పోయాడు. దినకర్ తల్లి తమ్ముడి ఇంటికి రావడం మానేసింది.

సుదర్శనాన్ని ఎవరూ ఏమీ అనలేదు. ఫిర్యాదు చేసినవాడికి హాని జరగకూడదని జర్మనీ వాళ్ల నియమం. అందుకని ప్రెస్ దగ్గర నుంచి తీసి, వెనకాల ఖాళీ అట్టపెట్టెల గోడౌన్లో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఈ వ్యవహారంతో సంబంధమున్నవాళ్లెవరూ కంపెనీలో ఆయనతో మాట్లాడకూడదు. ముదలాళి అయితే చెంప మీద ఒకటిచ్చి సాయంత్రానికి టీ తాగించేవాడు. జపాన్ మేనేజరు అయితే వంగేవాడు. వీళ్లు కాపాడుతున్నారు. ఫ్యాను తిరుగుతుంటే సుదర్శనం అట్టపెట్టెల మధ్య కూర్చుని ఉండేవాడు. రిపోర్టులో అజాగ్రత్త అన్న మాట తీసేశారో లేదో ఆయనకు ఎవరూ చెప్పలేదు. అది రహస్యమట.

కృత్తిక రోజు తిరుత్తణి కొండెక్కి పాల్‌రాజ్ పేరున అర్చన చీటీ తీసుకున్నాడు. వరస కదులుతుంటే నక్షత్రం సంగతి గుర్తొచ్చి ఫోన్ చేశాడు.

"నీ పేరున అర్చన చేయిస్తున్నా. నీ నక్షత్రం ఏంది పాల్‌రాజ్?"

"మా చర్చిలో అదంతా యాడుంది అన్నా?" అని నవ్వాడు పాల్‌రాజ్. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆ మాట తీసేసినారు. సోమవారం నుంచి క్యాంటీన్లో టోకెన్లు ఇచ్చే పని."

"నాకు చెప్పలేదే."

"నీతో మాట్లాడకూడదని సంతకం తీసుకున్నారన్నా. ఇది కూడా నేను చెప్పినట్టు ఎవరికీ చెప్పొద్దు. పూజ పేరు లేకుండానే చెయ్యించు, ఏం పోయింది."

వెనకవాళ్లు తోస్తున్నారు. పూజారి తట్ట పట్టుకుని చెయ్యి చాపాడు.

"పాల్‌రాజ్," అన్నాడు సుదర్శనం. "చిత్తా నక్షత్రం."

గంట మోగింది. సంతోషం వస్తుందేమోనని కాసేపు పక్కన నిలబడి చూశాడు. తర్వాత మెట్లు దిగి బస్సెక్కాడు.

సోమవారం మధ్యాహ్నం క్యాంటీన్ వరసలో ఆయన వంతు వచ్చింది. కట్టు కట్టిన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, పాల్‌రాజ్ ఎడమచేత్తో టోకెన్ ఇచ్చాడు. సుదర్శనం దాన్ని రెండు చేతులతో అందుకుని అన్నం వైపు నడిచాడు.