లోపలి గడియ

ఆర్వెల్లా ప్రూయిట్ స్నానం చేస్తుండగా ఎవరో ఆమె ఇంట్లోకి వచ్చారు.

నీళ్ళ చప్పుడులో ముందు వినపడలేదు. కుళాయి కట్టేశాక గదిలో అడుగులు వినిపించాయి. తువ్వాలు చుట్టుకుని, చేతికందిన టాయిలెట్ బ్రష్ పట్టుకుని ఆమె బయటికొచ్చింది. గది మధ్యలో కెండ్రా తల పైకెత్తి సీలింగు వైపు చూస్తూ నిలబడి ఉంది. ఆ భవనానికి మేనేజరు ఆ అమ్మాయే. చేతిలో అన్ని తలుపులకూ పట్టే తాళంచెవి ఉంది.

"భయపడకండి మిస్ ప్రూయిట్, నేనే. పొగొస్తే మోగే గంట పనిచేస్తోందో లేదో చూద్దామని."

"తలుపు కొట్టావా?"

"కొట్టాను. మీకు వినిపించినట్టు లేదు."

"వినిపించకపోతే వెళ్ళిపోవాలి. లోపలికి రాకూడదు."

కెండ్రా క్షమించమంది, గంట బాగానే ఉందని చెప్పి వెళ్ళిపోయింది. చెడ్డ పిల్ల కాదు. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే సూపు తెచ్చిచ్చే మనిషి. తనే వెళ్ళి అందరి తలుపులూ తెరిచి చూడడం కూడా ఆ మంచితనంలో భాగమే అనుకునేది. ఆమె వెళ్ళాక ఆర్వెల్లా బ్రష్ కింద పెట్టబోయింది. వేళ్ళు విడిపడలేదు. రెండో చేత్తో ఒక్కో వేలూ విప్పుకోవలసి వచ్చింది.

స్టాక్టన్ ఊళ్ళో రైలు యార్డు పక్కన ఉన్న ఆ భవనం రాష్ట్ర ప్రభుత్వం డబ్బుతో కట్టినది. సైన్యంలో పనిచేసి, తరవాత చేతిలో చిల్లిగవ్వ లేకుండా రోడ్డున పడ్డవాళ్ళ కోసం కట్టారు. వచ్చే ఆదాయంలో మూడో వంతు అద్దె. కింద అంతస్తులో ఒక నర్సు, ఒక సలహాదారు, అందరూ కూర్చునే హాలు. అంతకుముందు ఆర్వెల్లా చాలా ఏళ్ళు నది కరకట్ట మీద పాత వ్యాన్‌లో పడుకుంది. మోకాళ్ళు పాడయ్యేదాకా లారీలు నడిపింది, టమాటా ఫ్యాక్టరీలో సీజను పని చేసింది. పింఛను లేదు. ఎందుకంటే సైన్యం ఆమెను మంచి మాట రాసి పంపలేదు. జర్మనీలో లారీల మెకానిక్‌గా ఉండగా ఒక పై అధికారిని పానాతో కొట్టింది. ఎందుకు కొట్టావని అడిగితే చెప్పలేదు. క్రమశిక్షణ లేని మనిషని రాసి ఇంటికి పంపేశారు. అలాంటి కాగితంతో వచ్చినవాళ్ళకి చాలా తలుపులు మూసుకుపోతాయి. ఈ భవనం వాళ్ళు మాత్రం, నువ్వు యూనిఫారం వేసుకున్న మాట నిజమేనా అని అడిగి, నిజమేనని తేలాక తాళంచెవి చేతిలో పెట్టారు.

ఇల్లంటే ఒకటే గది, మూల వంటగట్టు, కిటికీలోంచి గూడ్సు పెట్టెలు. చేరిన కొత్తలో ఆమె తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకునేది. ఇప్పుడిప్పుడే ఆ కుర్చీని బల్ల దగ్గరికి జరిపింది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్ళి లావుపాటి ఇనుప గడియ కొనుక్కొచ్చింది. ఎదురింటి రూఫస్ టల్లీ దగ్గర డ్రిల్లు మిషను అడిగి తెచ్చుకుంది. రూఫస్ వియత్నాం యుద్ధంలో మెరైను దళం సైనికుడు. పొడుగాటి నల్ల మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. డ్రిల్లు ఇచ్చి ఊరుకోక వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం సార్జెంటమ్మా, లోపల బంగారం దాచావా?"

"బంగారముంటే నీ పక్కన ఎందుకుంటాను ముసలాడా? పక్కకి తప్పుకో, పొట్టు కళ్ళల్లో పడుతుంది."

"ఆ గడియకి గుర్రాన్ని కట్టెయ్యొచ్చు."

"గుర్రం కోసం కాదు. గుర్రాలు తలుపు తాళాలు తియ్యవు."

రూఫస్ నవ్వాడు. తరవాత ఆమె మొహం చూసి నవ్వు ఆపి, స్క్రూలు ఒక్కొక్కటే అందించాడు.

గడియ సంగతి కెండ్రాకి తెలియడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. ఆమె కోప్పడలేదు. మెట్ల దగ్గర ఆపి నెమ్మదిగా చెప్పింది.

"మీరు లోపల పడిపోతే ఎలా? ఇంతకు ముందు నేను పనిచేసిన చోట ఒకాయన బాత్రూములో పడి, లేవలేక, ఎవరికీ తెలియక అలాగే ఉండిపోయాడు. నేను వెళ్ళేసరికి..." మాట పూర్తి చెయ్యలేదు. "అలాంటిది నేను మళ్ళీ చూడలేను."

"నీ బాధ అర్థమైందమ్మాయ్. పడితే నా ఇంట్లో నేను పడతాను. గడియ తియ్యను."

ఆ మాట అక్కడితో ఆగిపోయేదేమో. ఆ నెలలోనే రాజధాని నుంచి పెద్దలు భవనం చూడడానికి వస్తున్నారన్నారు. శాసనసభ సభ్యుడొకాయన, గృహనిర్మాణ శాఖ వాళ్ళు, ఫోటోలు తీసేవాళ్ళు. ఒక ఇల్లు లోపల చూపించాలి. అందరిలోకీ శుభ్రంగా ఉండేది ఆర్వెల్లా ఇల్లు. కెండ్రా వచ్చి అడిగింది. ఆర్వెల్లా వద్దంది. కెండ్రా మళ్ళీ అడిగింది, పువ్వులు కూడా తెస్తానంది. ఆర్వెల్లా మళ్ళీ వద్దంది.

అయినా ఆ రోజు కెండ్రా వాళ్ళని పైకి తీసుకొచ్చింది. నలుగురు పెద్దలు ఎదురుగా నిలబడితే ముసలావిడ కాదనలేదనుకుంది కాబోలు. తలుపు కొట్టింది. జవాబు రాలేదు. తాళం తిప్పింది. తాళం తిరిగింది, తలుపు మాత్రం కదల్లేదు.

"ఇంట్లోనే ఉన్నాను. రావద్దు." లోపలి నుంచి మాట స్పష్టంగా వినిపించింది.

వసారాలో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒంట్లో బాగాలేదేమో అన్నారెవరో. బాగానే ఉంది అంది లోపలి గొంతు. శాఖ వాళ్ళలో ఒకాయన చిన్నబుచ్చుకుని, పక్కవాళ్ళతో అన్నట్టుగా అన్నాడు.

"ప్రజల డబ్బుతో కట్టిన ఇల్లే కదా. ఒక్క నిమిషం చూస్తే ఏం పోయింది?"

"రోడ్డు కూడా ప్రజల డబ్బే బాబూ," అంది తలుపు వెనకనుంచి ఆర్వెల్లా. "మీ ఇళ్ళ ముందు రోడ్డు మీద నా బండి ఆపుకుని పడుకుంటే పోలీసుల్ని పిలిచారు. ప్రజల డబ్బు అంటే అప్పుడు ఎవరి డబ్బు?"

ఎదురు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డ రూఫస్ పెద్దగా దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు. పెద్దలు కింద హాలు చూసి, కాఫీ తాగి వెళ్ళిపోయారు.

వారం తిరక్కుండా ఆర్వెల్లాకి నోటీసు వచ్చింది. గడియ తీసెయ్యాలి, లేదా ఇల్లు ఖాళీ చెయ్యాలి. భవనం నడిపే కంపెనీ పంపింది. ఆ సాయంత్రం హాల్లో అద్దెకున్నవాళ్ళందర్నీ కెండ్రా కూర్చోబెట్టింది.

ముందు లేచినవాడు గస్ లిండ్‌క్విస్ట్. నావికాదళంలో వంటవాడుగా పనిచేసిన మనిషి.

"ఈవిడ గొడవకి పైవాళ్ళకి కోపమొచ్చి డబ్బు ఆపేస్తే మనమందరం మళ్ళీ కరకట్ట మీదకే. నాకు డెబ్బై దాటింది. నేను మళ్ళీ గుడారంలో పడుకోలేను. ఆ ముక్క ఇనుము తీసెయ్ ఆర్వెల్లా, నీకు పుణ్యముంటుంది."

ఆర్వెల్లాకి అతని మీద కోపం రాలేదు. ఆ భయం ఆమెకి కొత్త కాదు.

కెండ్రా మెత్తగా అంది. "చూడండి మిస్ ప్రూయిట్. మీకేదైనా కారణముంటే, ఆరోగ్య కారణంలాంటిది, డాక్టరు చేత ఒక్క మాట రాయించి తెండి. మీ ఒక్కరికి మినహాయింపు ఇప్పిస్తాను. నోటీసు నేనే చించేస్తాను."

హాలంతా ఆమె వైపు తిరిగింది. ఆర్వెల్లా లేచి నిలబడింది.

"తలుపు మూసుకోవడానికి నిన్ను కారణం అడుగుతారా అమ్మాయ్, మీ ఇంట్లో?"

ఆర్వెల్లా గస్ వైపు చెయ్యి చూపించింది.

"గస్‌కి ఏ కారణమూ లేదు. హాయిగా నిద్రపోతాడు. అయినా అతని తలుపు అతనిదే. నాకొక్కదానికే మినహాయింపు వద్దు. గడియ తియ్యను. ఖాళీ చెయ్యను. మీరు చెయ్యగలిగింది చేసుకోండి."

హాలు బయట బెంచీ మీద రూఫస్ ఆమె పక్కన కూర్చున్నాడు. చాలాసేపు గూడ్సు బండి వెళ్ళడం చూశారు.

"కారణముంది కదా," అన్నాడు చివరికి.

"ఉంది."

"చెప్పేస్తే పోయేది."

ఆర్వెల్లా అప్పుడు చెప్పింది. జర్మనీలో ఆడవాళ్ళ బ్యారక్‌లో గదులకి లోపల గడియలుండేవి కావు. సార్జెంటు దగ్గర అన్నిటికీ పట్టే తాళంచెవి ఉండేది. తనిఖీ అనేవాడు. మొదటిసారి ఆమె ఏమీ చెయ్యలేకపోయింది. రెండోసారికి దిండు కింద పానా పెట్టుకుంది. అంతకు మించి చెప్పలేదు, అతనూ అడగలేదు.

"వాడి దవడ విరిగింది," అంది. "అది మాత్రం కాగితం మీద రాశారు."

రూఫస్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఈ మాట లోపల చెప్పి ఉంటే వాళ్ళు కాళ్ళ మీద పడేవాళ్ళు సార్జెంటమ్మా."

"ఆ మాట అమ్మి నా తలుపు కొనుక్కోను."

మర్నాడు రూఫస్ బస్సెక్కి వెళ్ళి అలాంటి గడియే తెచ్చి ఆమె చేతిలో పెట్టి, తన తలుపుకీ బిగించమన్నాడు. డ్రిల్లు అతనిదే, పని ఆమెది. సాయంత్రానికి పై అంతస్తులో ఇద్దరొచ్చి అడిగారు. ఆదివారానికి ఆర్వెల్లా డ్రిల్లు భుజాన వేసుకుని అంతస్తులన్నీ తిరుగుతోంది. మోకాళ్ళని తిట్టుకుంటూ మెట్లెక్కింది. కొందరు కాఫీ ఇచ్చారు. ఒకాయన తనకి గడియ అక్కర్లేదని, కానీ కంపెనీకి తన తలుపు కూడా లెక్కలో కనపడాలని బిగించుకున్నాడు. గస్ మాత్రం తలుపు తియ్యలేదు. ఆర్వెల్లా అతని తలుపు కొట్టనూ లేదు.

సగానికి పైగా ఇళ్ళకి గడియలు పడ్డాక కంపెనీ ఇరుకున పడింది. అంతమందిని వెళ్ళగొడితే ఎందుకని రాష్ట్రం వాళ్ళు అడుగుతారు. డబ్బు తీసుకోకుండా పేదల తరఫున వాదించే ఒక లాయరమ్మ వచ్చి రెండుసార్లు కంపెనీ వాళ్ళతో కూర్చుంది. నోటీసు వెనక్కి తీసుకున్నారు. ఇంట్లోకి రావాలంటే ముందురోజు చెప్పాలి, తలుపు తీసేదాకా బయటే ఉండాలి అని ఒప్పుకున్నారు. గడియలు ఉంటాయి, కానీ ఆపదలో బయటనుంచి ప్రత్యేకమైన పనిముట్టుతో తెరవగలిగే రకం పెట్టుకోవాలన్నారు. ఆ పనిముట్టు ఆఫీసులో ఉంటుందని కెండ్రా అంది.

"ఆఫీసులో వద్దు," అంది ఆర్వెల్లా. "ఫైరింజన్ వాళ్ళ దగ్గర ఉంచండి. వాళ్ళు ఊరికే రారు."

ఆ మాట కూడా నెగ్గింది. ఆ కొత్త రకం గడియలు కూడా ఆర్వెల్లాయే బిగించింది.

జనవరి పొగమంచులో ఒక ఉదయం ఆర్వెల్లాకి ఎదురింట్లోంచి నేల మీద ఏదో కొడుతున్న చప్పుడు వినిపించింది. తలుపు దగ్గరికెళ్ళి పిలిచింది. రూఫస్ జవాబు సన్నగా వచ్చింది. పడిపోయాడు, లేవలేడు, బూటుతో నేల కొడుతున్నాడు. తలుపుకి లోపల గడియ ఉంది. ఆమె బిగించినదే. కెండ్రా పరుగెత్తుకొచ్చింది, తాళంచెవి చేతిలో ఉండీ ఏం చెయ్యలేక నిలబడింది. ఆర్వెల్లా తలుపుకి చెంప ఆనించి, ఫైరింజన్ వాళ్ళు వచ్చేదాకా అతన్ని తిడుతూ మాట్లాడిస్తూనే ఉంది. వాళ్ళు వచ్చి గడియ తెరిచి అతన్ని స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. కెండ్రా ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఆర్వెల్లాకి అనిపించింది.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషను అయ్యాక ఆమె ఆసుపత్రికి వెళ్ళి మంచం పక్కన నిలబడింది, కూర్చోలేదు.

"ఆ గడియ బిగించింది నేను," అంది.

"గట్టిగా బిగించావు," అన్నాడు రూఫస్. నోరు ఎండిపోయి మాట మెల్లగా వచ్చింది. "కుర్రాళ్ళకి చెమటలు పట్టాయి. వాళ్ళు చెప్పారు."

"నువ్వు చచ్చిపోయేవాడివి ముసలాడా."

"నా ఇంట్లో. నా చొక్కా వేసుకుని. ఎవరూ పిలవకుండా లోపలికి రాకుండా." అతను కళ్ళు మూసుకుని కాస్త ఊపిరి తీసుకున్నాడు. "ఇప్పుడు నువ్వు వెళ్ళి ఆ గడియ పీకేస్తే మాత్రం నేనిక్కడినుంచి రాను. చెబుతున్నాను."

ఆర్వెల్లా అప్పుడు కూర్చుంది. అతని మంచం మీద ట్రేలో ముట్టకుండా ఉన్న జెల్లీ గిన్నె తీసుకుని తినేసింది.

వసంతకాలంలో రూఫస్ చక్రాల కుర్చీలో తిరిగొచ్చాడు. అంతకు ముందు రోజే ఆర్వెల్లా అతన్ని అడిగి, కెండ్రాకి చెప్పి, కెండ్రానే టార్చిలైటు పట్టుకోమని, అతని తలుపు గడియ విప్పేసి కిందకి బిగించింది, కుర్చీలో కూర్చున్న మనిషి చెయ్యి అందేటంత ఎత్తులో. పాత స్క్రూల రంధ్రాలు అలాగే కనపడుతున్నాయి. మైనం పెట్టి పూడ్చమంటారా అని కెండ్రా అడిగింది. వద్దు, ఉండనీ అంది ఆర్వెల్లా.