మా అవ్వ చేతి ఉప్పు

మా నాయన తల్లి భూదేవిని ఊరంతా అవ్వ అనే పిలుస్తుంది. నేనూ అంతే. కొడకండ్ల చుట్టుపక్కల ఎక్కడ పెండ్లి ఉన్నా వంటకు ముందు అడిగేది ఆమెనే. రుచి చూడకుండానే ఉప్పు వేస్తుంది. గంగాళంలోకి ఒకసారి తొంగి చూసి, పిడికిలి నిండా తీసి, ఏదో గొణుక్కుంటూ చల్లుతుంది. ఆ గొణుగుడు మంత్రమని మా వాడలో కొందరి నమ్మకం. నేను పక్కన నిలబడి విన్నాను. మోకాళ్ల నొప్పులను తిడుతుంది, అంతే.

తాత పోయాక ఒక వంటామె వెనుక గిన్నెలు తోమడానికి పోయిన మనిషి, గరిటె పట్టేదాకా వచ్చింది ఆ ఉప్పు చెయ్యి వల్లనే. అందుకని ఆ చేతిని ఎవరూ ఏమీ అనకూడదు. డాక్టరైనా సరే.

మేస్త్రీ మా కుక్క. తాను పని చేయడు, చేసేవాళ్లను చూస్తూ కూర్చుంటాడు కాబట్టి ఆ పేరు పెట్టాను. అవ్వ ఏ పెండ్లికి పోయినా వాడి వాటా మూట కట్టుకొని వచ్చేది. మటన్ పులుసు, బగారన్నం, పప్పుచారు. ఇంట్లో మా కంచాల కంటే ముందు వాడి సత్తుగిన్నె నిండేది. సాయంత్రం పక్కింటి అండాలు కూడా ఒక ముద్ద వేసేది.

పోయిన ఎండాకాలంలో మేస్త్రీ చిక్కిపోయాడు. బొక్కెనలు బొక్కెనలు నీళ్లు తాగేవాడు, గడప దగ్గరే ఉచ్చ పోసేవాడు, తిన్నది కక్కేవాడు. దిష్టి తగిలిందని అవ్వ మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. దగ్గు మాకు వచ్చింది, వాడికి ఏమీ తగ్గలేదు. చివరికి నాయన ఆటో మాట్లాడి పశువుల దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, కాగితం వచ్చాక మమ్మల్ని మళ్లీ పిలిపించింది.

"ఏం పెడుతున్నరు అవ్వా వీనికి?"

అవ్వ నడుము నిటారుగా చేసుకుంది. "మేం తిన్నదే బిడ్డా. ఒక్కనాడు తక్కువ చేయలే. పులుసు, చారు, జరంత తొక్కు."

"తొక్కు కూడనా?"

"మామిడికాయ తొక్కంటే వానికి పానం."

డాక్టరమ్మ కాసేపు నుదురు రుద్దుకుంది. "కిడ్నీలు దెబ్బతిన్నయవ్వా. ఉప్పు, కారం, ఉల్లిగడ్డ బందు. ఇసొంటి కుక్కలకని గింజల పాకెట్ దొరుకుతది, అదన్న పెట్టుండ్రి. లేదంటె వేరే గిన్నెల చప్పిడి అన్నం, ఉడకవెట్టిన గుడ్డు తెల్లసొన, నేను రాసిచ్చిన లెక్కన. ఏదైనా మంచిదే. ఉప్పు మాత్రం పడొద్దు."

"ఉప్పు లేకుంటె విశ్వాసమెట్లుంటది బిడ్డా? రేపు మమ్మల్ని గుర్తువట్టొద్దా?"

ముసలమ్మ పరాచికాలాడుతోందనుకొని డాక్టరమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. అవ్వ నవ్వలేదు.

ఇంటికి వచ్చాక పంచాయితీ మొదలైంది. పెండ్లిళ్లకు వండేదాని కుక్క దుకాణం తిండి తింటే నలుగురిలో తలెట్ల ఎత్తుకోవాలన్నది అవ్వ బాధ. పోనీ చప్పిడి అన్నమే వండమన్నాడు మా నాయన నగేష్.

"నా పొయ్యి మీద ఉప్పు లేని కూడు ఉడకదు కొడుకా. అది ఇంకా సిగ్గు."

"అయితే పాకెట్టే తెస్త."

"తే. తెల్ల సంచిల తే, ఎవలకు కనవడకుండ."

నాయన జనగామ నుంచి పాకెట్ తెచ్చాడు. అవ్వ ఒక గింజ నోట్లో వేసుకొని నమిలింది. "మేకపెంటికెల లెక్కున్నయ్" అంది. మేకపెంటికల రుచి నీకెట్ల తెలుసే అని అడిగితే గరిటె చూపించింది. తర్వాత పాకెట్‌ను బియ్యం డబ్బాలో దాచింది. మొదటి పూట వట్టి గింజలు వేస్తే మేస్త్రీ వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. రెండో పూట నుంచి గిన్నె నాకి నాకి తళతళలాడించాడు. అలవాటు పడ్డాడని నాయన మురిసిపోయాడు. అవ్వ అటు తిరిగి పొయ్యి ఊడ్చుకుంది.

కానీ వాడు కోలుకోలేదు. ముందరి కాళ్లు వణికేవి. కక్కుడు మళ్లీ మొదలైంది. ఒక పొద్దున నల్లా దగ్గర వాడకట్టు ఆడవాళ్లంతా బిందెలు పెట్టుకొని నిలబడినప్పుడు అవ్వ అండాలు మీద పడింది.

"నీ పాసిపోయిన కూర తినవెట్టి నా కుక్కను సంపుతున్నవ్ అండాలూ."

అండాలు బిందె కింద పెట్టింది. "నేను పెడుతలేనవ్వా. డాక్టర్ వద్దన్నదని ఇన్ననాడే బందు చేసిన. కావాలంటె మా పిల్లల్నడుగు."

"మరి ఎవలు పెడుతున్నరు? నా ఇంట్ల పాకెట్టే తింటున్నడు." దాచిన సంగతి అవ్వ నోటి నుంచే బయటపడింది. ఎవరో కిసుక్కుమన్నారు. అవ్వకు ఇంకా రోషం వచ్చింది. "పాసిపోయింది పారేయబుద్ధి గాక కుక్కకేస్తరు కొందరు. ఎరికే నాకు."

అండాలు మొహం నల్లబడింది. "ఇంత మాటన్నంక నేనూ దవాఖానకొస్త. డాక్టరమ్మ ముంగటనే తేల్చుకుందాం."

ఆటోలో ఆ చివర అవ్వ, ఈ చివర అండాలు. మధ్యలో నా ఒళ్లో మేస్త్రీ. వాడి తల బరువే తప్ప ఒంట్లో బరువు లేదు. ఇద్దరిలో ఎవరి వైపు చూసినా కోపమే కనిపించేది కాబట్టి దారంతా వాడి చెవులే చూస్తూ కూర్చున్నాను.

డాక్టరమ్మ వాడి నోరు తెరిచి చూసి, సెలైన్ పెట్టించింది. "పాకెట్టే పెడుతున్నరా?"

"ఒట్టు బిడ్డా. మీరు చెప్పినదే."

"వట్టిగ తింటున్నడా, నానవెడుతున్నరా?"

"వట్టియి ఏడ తింటడు. నానవెడుతున్న."

"నీళ్లలనా?"

అవ్వ మేస్త్రీ వీపు నిమిరింది. డాక్టరమ్మ మళ్లీ అడిగింది.

"చారుల" అంది అవ్వ.

"చారుల ఉప్పుంటది కదవ్వా. ఉల్లిగడ్డుంటది."

"జరంతే ఏసిన. ఉప్పు లేకుంటె వాడు నా ఇంటోడెట్లయితడు?"

ఈసారి డాక్టరమ్మ నవ్వలేదు. తిట్టనూ లేదు. "ఇంకోసారి ఉప్పు పడితె నేనేం చేయలేనవ్వా" అని మాత్రం అంది. తిడితే బాగుండేది. అవ్వ తిట్లకు జవాబు చెప్పగలదు.

నల్లా దగ్గర పడ్డ మాటను అండాలు ఇక్కడ తిరిగి ఇచ్చేస్తుందని నేను ఎదురుచూశాను. ఆమె సెలైన్ సీసా పట్టుకొని నిలబడింది. అవ్వ బల్ల చివర తలవంచుకొని, తన కుడి చేతిని కొంగు కింద దాచుకుంది. ఊళ్లో అందరూ పొగిడే చెయ్యి అది. ఎంత అల్లరిదాన్నయినా ఆ పూట నాకు పరాచికం తోచలేదు.

ఇంటికి వచ్చాక అవ్వ బువ్వ ముట్టలేదు. కానీ అవ్వే అండాలు వాళ్లింటికి కోడికూర వండి పంపింది. ఎందుకంటే నోటితో తప్పు ఒప్పుకోవడం కంటే కూర వండడం ఆమెకు సులువు. అండాలు కొడుకు గిన్నె మూత కూడా తీయకుండా తిరిగి తెచ్చి ఇచ్చాడు. ఉప్పు సరిపోలేదేమో అన్నాను నేను. అవ్వ నా వైపు చూసిన చూపుకు ఆ మాట తిరిగి మింగాలనిపించింది.

మరునాడు నీళ్లు వచ్చే వేళకు అవ్వ బిందె లేకుండానే నల్లా దగ్గరికి పోయింది. ఒక చేతిలో పాకెట్, ఇంకో చేతిలో మేస్త్రీ సత్తుగిన్నె. ఆడవాళ్లంతా అటు తిరిగారు.

"అండాలూ, నా చారుతోనే వాడు పడ్డడు. నీ కూరతోని కాదు. అందరింటున్నరనే చెప్తున్న."

అండాలు నల్లా వైపే చూస్తోంది. "పాసిపోయిందంటివి కదవ్వా."

"అన్న. తప్పయింది." అవ్వ పాకెట్‌, గిన్నె ముందుకు చాపింది. "ఇగ నువ్వే పెట్టు వానికి. పాకెట్ పెడతవో, గుడ్డు ఉడకవెట్టి చప్పిడన్నం పెడతవో నీ ఇష్టం. నా చెయ్యి ఊకోదు. ఉప్పు డబ్బా కాడికి పోతది."

అవ్వ తన వంటను ఇంకొకరి చేతికి ఇవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. పెండ్లిళ్లలో ఆమె గరిటె ముట్టుకున్నవాళ్లకు నా సానుభూతి ఎప్పుడూ ఉండేది.

అండాలు బిందె నిండనిచ్చింది. నిండాక నల్లా కట్టేసి గిన్నె తీసుకుంది. "పెడత. కని నేను వండేటప్పుడు నువ్వు మా పొయ్యి దిక్కు రావొద్దు."

"రాను."

"తొంగి సుత చూడొద్దు."

"చూడనంటి కద."

ఆ సాయంత్రం మేస్త్రీ అండాలు వాకిట్లో తెల్లటి అన్నం నెమ్మదిగా తిన్నాడు. అవ్వ మా వాకిట్లోనే, అటు వీపు పెట్టి కూర్చుంది. వాడు తింటున్నాడో లేదో నన్ను చూసి చెప్పమంది. సగం తిన్నాడని చెప్పాను. కక్కిండా అని అడిగింది. లేదన్నాను. కొంగుతో మొహం తుడుచుకొని, ఇంకా చూడు అంది.