రెండు చుక్కల మీట

మా మామ పోయి ఇరవై రోజులైంది. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కిందపెట్టి, కుర్చీలో వెనక్కి వాలారు. అత్త గ్లాసు తీయడానికి వచ్చి పిలిస్తే పలకలేదు. ఎదురుగా కంప్యూటరు మాత్రం ఆయన కోసం పేపరు చదువుతూనే ఉంది. డాక్టరు వచ్చి గుండె ఆగిపోయిందని చెప్పేదాకా దాన్ని ఆపాలని మాకెవరికీ తోచలేదు.

మామ అంటే మా ఆయన తండ్రి. ధర్మవరంలో అందరూ డిజైన్ మేస్త్రి అనేవాళ్ళు. పట్టుచీర అంచుకూ కొంగుకూ కావలసిన బొమ్మను గళ్ళ కాగితం మీద గీసి, ఒక్కో గడికి లెక్క చూసి అట్టల్లో బెజ్జాలు కొట్టించేవారు. ఆ అట్టల దండ మగ్గం మీదికెక్కితే బొమ్మ దానంతటదే చీరలో దిగేది. ముప్పై ఏళ్ళు ఆ చిన్న గళ్ళలోనే చూపు పెట్టిన మనిషికి కంటి నరం దెబ్బతింది. నేను బత్తలపల్లె నుంచి కోడలిగా వచ్చేసరికి ఆయనకు ఎండకూ నీడకూ తేడా మాత్రమే తెలిసేది.

డిగ్రీ చదివిన కోడలు కాబట్టి పేపరు చదివి వినిపించే పని నా మీద పడింది. రోజూ ఏడు గంటలకు ఆయన మంచం మీద మఠం వేసుకుని కూర్చుంటే నేను మొదటి పేజీ నుంచి మొదలుపెట్టేదాన్ని. జిల్లా పేజీ దగ్గరికి వచ్చేసరికే నాకు కష్టం. వరసగా వానలు లేని ఏళ్ళవి. చెనిక్కాయ ఎండిపోయిందని రైతు, మగ్గం ఆగిపోయిందని నేతపనివాడు, రోజు మార్చి రోజు ఎవరో ఒకరు పురుగుల మందు తాగిన వార్త ఉండేది. వాళ్ళలో మామ గీసిన బొమ్మలు నేసినవాళ్ళు కూడా ఉంటారు. అందుకని వాటిని వదిలేసి, "అంతా ఎండల గురించే మామా, ఇంకేం లేదు" అని పేపరు మడిచేసేదాన్ని. ఆయన మంచికోరే చేస్తున్నానని నాకు గట్టి నమ్మకం.

ఆయన మాత్రం ఒకటే మాట అనేవారు. "నాది నేను చదువుకోవల్లమ్మా. ఏదన్నా దావ ఉంటే చూడు."

ఊళ్ళోకి సెల్‌ఫోన్లు ఇంకా సరిగ్గా రాని రోజులు. బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని వెతికితే, తెర మీద ఉన్నది పైకి చదివే ప్రోగ్రాము ఉందని తెలిసింది. అనంతపురంలో ఒక పాత కంప్యూటరు కొని, దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. అది మాట్లాడింది గానీ ఇంగ్లీషు మాత్రమే మాట్లాడింది. తెలుగు ఎట్లా అని వెతుకుతుంటే ఒక మెయిలింగ్ లిస్టు దొరికింది. చూపు లేనివాళ్ళూ, వాళ్ళ కోసం ప్రోగ్రాములు రాసేవాళ్ళూ కలిసి నడుపుకునే లిస్టు. ఒక ఉత్తరం రాస్తే చేరినవాళ్ళందరికీ పోతుంది, తెలిసినవాళ్ళు జవాబిస్తారు.

నేత సంఘంలో ఇరవై ఏళ్ళు తగాదాలు చూసిన మామకు మొదట వచ్చిన అనుమానం వేరు. "దీనికి ప్రెసిడెంటు ఎవరు?"

"ఎవరూ లేరు మామా."

"సెక్రటరీ?"

"లేరు."

"అయితే బాగుపడ్తాది. చేర్పియ్యి నన్ను."

మొదటి ఉత్తరం ఆయన చెప్తుంటే నేను ఇంగ్లీషులో రాశాను. ఉత్తరమంటే ఎట్లా రాయాలో ఆయనకు తెలిసిన పద్ధతి ఒకటే. ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను, మా వైపు ఇంకా వాన లేదు, మీ వైపు ఎట్లుందో తెలియజేయవలెను. ఇంతా అయ్యాక చివరి వాక్యంలో తెలుగు గొంతు సంగతి. అది ఎన్ని వందల మందికి పోతుందో తెలిసిన నేను సిగ్గుపడుతూనే పంపాను. మర్నాడు చూస్తే నలభై జవాబులు! ఒకాయన మోకాళ్ళ నొప్పులన్నాడు, ఒకామె తనకు మనవరాలు పుట్టిందని రాసింది, అందరూ తమ ఊరి వాన సంగతి చెప్పారు. లిస్టులో ఇట్లాంటివి రాయకూడదని ఒకాయన కసురుకున్నాడు గానీ, కింద ఆయనా తన ఊళ్ళో మంచు పడుతోందని రాశాడు. ఆ తర్వాత ఆ లిస్టులో వాన కబురు లేకుండా ఉత్తరం రాయడం అమర్యాదైపోయింది.

మంచు పడే ఊరాయనే తెలుగు గొంతు తయారుచేశాడు. ఆయనకూ చూపు లేదు, తెలుగు ఒక్క ముక్క రాదు. ఆయన పంపడం, మేం విని ఎక్కడ బాగాలేదో రాయడం, ఆయన దిద్దడం. ఫోను తీగ ఇంటర్నెట్‌కే సరిపోతోందని అత్త రోజూ గొడవ. "చీరల కోసం ఫోన్లు చేసేటోళ్ళు ఏమైపోవల్ల? దయ్యమాదిరి ఆ గొంతేంది?"

గొంతు వచ్చాక ఇంకో చిక్కు తగిలింది. ఇంటర్నెట్‌లో పేపరు వాళ్ళు వాడే అక్షరాలు వేరు, మా మిషనుకు అవి గుర్తులే తప్ప అక్షరాలు కావు. నేను చేతులెత్తేశాను. మామ నవ్వారు. "గడి చూసి బెజ్జం కొట్టిచ్చినట్టే గదమ్మా. ఈ గుర్తుకు ఈ అక్షరం అని పట్టీ రాసుకుందాం." నేను అచ్చు పేపరు పక్కన పెట్టుకుని ఒక్కో గుర్తు ఏ మాటలో వస్తోందో చెప్పడం, ఆయన దానికి అక్షరం తేల్చి గుర్తుపెట్టుకోవడం. మూడు నెలలు పట్టింది. ఆ పట్టీని లిస్టుకు పంపితే ఎవరో చదువుకునే అమ్మాయి దాన్ని ప్రోగ్రాముగా మార్చి పంపింది.

కీబోర్డును ఆయన తనకు అనువుగా మార్చుకున్నారు. మీటల మీద జిగురు చుక్కలు పెట్టించారు. ఒక చుక్క ఉన్న మీట నొక్కితే చదవడం ఆగుతుంది, రెండు చుక్కల మీట నొక్కితే మొదటి నుంచి మళ్ళీ చదువుతుంది. గొంతు వేగం పెంచుతూ పోయి, చివరికి మాకు చెనిక్కాయలు ఒలిచే మిషను తిరుగుతున్నట్టు తప్ప ఇంకేమీ వినపడకుండా చేశారు. అంత తొందర ఎందుకు మామా అంటే, "మీరు కండ్లతో చదివేటప్పుడు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటారా ఏంది?" అన్నారు. వినీ వినీ ఆ వేగం నాకూ పట్టుబడింది.

ఒకరోజు పొద్దున నేను పేపరు తీసుకుని వెళితే చెయ్యి అడ్డం పెట్టారు. "ఈ పొద్దు నేనే చదువుకుంటిని. నువ్వు వదిలేసేటివి కూడా."

నేను పేపరు మడిచి మంచం మీద పెట్టాను.

"నాకు ఎప్పుడో తెలుసులేమ్మా. వదిలేసేటప్పుడు గుటక మింగుతావు. జిల్లా పేజీలో అయితే రెండు మూడు గుటకలు."

"తప్పయింది మామా. మీరు బాధపడతారని..."

"నా మంచికే చేసినావు, కాదన్లేదు. సచ్చినోడు మన అట్టలు నేసినోడైతే, నేను పోయి వాళ్ళింటికాడ కూర్చోవల్ల గదా. నువ్వు వదిలేస్తే ఆ ఇంటికి నేను పోకుండా పోతి."

ఆ పొద్దటి పేపరులో అట్లాంటి పేరు ఒకటుంది. మధ్యాహ్నం నన్ను తీసుకుపొమ్మన్నారు. ఆ ఇంట్లో ఆయన ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. ఆగిపోయిన మగ్గం దగ్గరికి నడిపించమని చెప్పి, వేలాడుతున్న అట్టను వేళ్ళతో తడిమి, "ఇది నేను గీసిన హంసే" అన్నారు. చనిపోయినవాడి భార్య అప్పటిదాకా ఏడవలేదట. అప్పుడు ఏడ్చింది. మామ సాయంత్రం దాకా ఆ గడప దగ్గరే కూర్చున్నారు. ఆ రోజు నుంచి ఆయనకు ఏ కాగితం చదివి వినిపించినా నేను ఒక్క ముక్క వదిలిపెట్టలేదు.

తర్వాత్తర్వాత లిస్టులో అడిగేవాళ్ళ కంటే చెప్పేవాళ్ళలో మామ చేరిపోయారు. తెలుగులో సొంతంగా ఉత్తరాలు కొట్టడం నేర్చుకున్నారు. పోయిన ఏడాది కదిరి నుంచి ఒక టైలరు లిస్టులో చేరాడు. కొత్తగా చూపు పోయినవాడు. ఆయన తరఫున భార్య రాసేది, మామ జవాబులు కొట్టేవారు. కదిరి ఎంత దూరం, బస్సెక్కి వెళ్ళొద్దామంటే, "ముందు ఆయప్ప మిషను మాట్లాడనీ, తర్వాత మేము మాట్లాడుకుంటాం" అనేవారు.

ఆయన పోయిన సంగతి లిస్టుకు నేనే రాశాను. మొన్న పొద్దున ఆయన కుర్చీలో కూర్చుని, వచ్చిన జవాబులు ఒకదాని తర్వాత ఒకటి మిషనుతో చదివించుకున్నాను. వేగం తగ్గించడానికి చెయ్యి రాలేదు. అత్త పక్కనే చేటలో బియ్యం ఏరుతూ, ఒక్కో ఉత్తరం అయినప్పుడల్లా "ఏమంటాంది?" అని అడుగుతోంది. నేను చెప్తున్నాను. అందరూ తమ ఊరి వాన కబురు రాశారు. మంచు ఊరాయన, ధర్మవరంలో వాన పడిందా అని అడిగాడు.

చివరిది కదిరి ఉత్తరం. "అమ్మా, ఇది నా చేత్తో నేను కొట్టిన మొదటి ఉత్తరం. సార్‌కు పంపుదామనుకుంటే మీకు పంపాల్సి వచ్చింది. నెల కిందట సార్ లిస్టుకు గాకుండా నాకే రాసినారు, ఎడమ చెయ్యి లాగుతాందని, నడిస్తే రొమ్ము పట్టేస్తాందని. డాక్టరు దగ్గరికి పొమ్మని మొత్తుకున్న్యాను. ఇంట్లో చెప్తే కుర్చీలోంచి లేపి మంచమెక్కిస్తారు, నీ మిషను సరిపడినాక చూపిచ్చుకుంటాలే అన్న్యారు. మీకు తెలిసే ఉంటుంది."

మాకు తెలియదు.

నాకు కోపం వచ్చింది. ఏదీ వదిలిపెట్టొద్దని నాకు నేర్పిన మనిషి, మాకు చెప్పాల్సిన ఒక్క వార్తను వదిలేశారు. మాకే ఎందుకు చెప్పలేదు మామా అని గట్టిగా అరవాలనిపించింది.

"ఏమంటాంది?" అంది అత్త.

నేను గుటక మింగాను.

అత్త చేతులు బియ్యంలో ఆగిపోయాయి. "ఏముండాదో చెప్పమ్మా."

మామ బాగా నేర్పించారని మెచ్చుకుంటున్నాడత్తా, ఇంకేం లేదు, అని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఎడమ చెయ్యి సంగతి, రొమ్ము సంగతి, మంచమెక్కిస్తారన్న మాట, అన్నీ వరసగా చెప్పాను. అత్త చేటలోంచి ఒక రాయి ఏరి పారేసింది.

"మొండోడు," అంది. కొంగుతో ముక్కు తుడుచుకుని, చేట పక్కకు పెట్టి, కుర్చీ దగ్గరికి జరిగింది. "మళ్ళా పెట్టు. నేనూ వింటా."

"నీకు తెలిసేట్టు నిదానంగా పెట్టేదా అత్తా?"

"వద్దు. ఆయన పెట్టుకున్న్యట్లే పెట్టు."

నేను రెండు చుక్కల మీట నొక్కాను.