పొట్టు నింపిన సంచితో కంభం చెరువు మీదుగా గిద్దలూరుకు

మేము కంభం చెరువు చూడాలని బయల్దేరలేదు. కొత్త కంప్యూటర్ ఒకటి తీసుకొని, దాన్ని సరిగా పెట్టించుకుందామని మార్కాపురం నుంచి గిద్దలూరుకు బయల్దేరినాము. చెరువు మధ్యలో తగిలింది. శని ఆదివారాల్లో అటు పోదామనుకునేవాళ్లకు దారీ ఖర్చూ తెలుస్తాయని రాస్తున్నా. నేను చదివింది అయిదో తరగతి. నోటుబుక్కులో నేను రాసిందాన్ని మా కోడలు రమణమ్మ టైపు చేసి పెడుతోంది.

రమణమ్మకు ఇంట్లో కూర్చొని చేసే టైపింగ్ పని వచ్చింది. రెండేళ్లుగా అడిగిన చోటల్లా లేదనిపించుకున్న మనిషికి ఇప్పటికి దొరికింది. సోమవారం పదింటికి మొదలు. ఆ టైముకు కంప్యూటర్ ముందు కూర్చోకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తామని ముందే చెప్పినారు. అందుకని మడిచిపెట్టే చిన్న కంప్యూటర్ కొన్నది. శుక్రవారం సాయంత్రం తెరిస్తే ఏ భాష అని అడిగింది, పేరు అడిగింది, తర్వాత ఆపొద్దని రాసి చుక్కలు గుండ్రంగా తిప్పుకుంటా కూర్చుంది. మధ్యలో నెట్ పోయింది. అన్నాలు తినే వేళకు కూడా చుక్కలే. గిద్దలూరులో మా అబ్బాయితో చదువుకున్న ఖాదర్‌కు కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. ఫోన్ చేస్తే, "పొద్దున్నే తీసుకొని రా చెల్లే, అంతా ఎక్కించి ఇస్తా" అన్నాడు.

నాకు అప్పుడే గుబులు మొదలైంది. బస్సులో గతుకులు, తోపులాట. ఎవరి మోచెయ్యి తగిలినా అద్దం పగులుతుంది. నేను ఇరవై ఏళ్లు పలకల ఫ్యాక్టరీలో పెట్టెలు కట్టినదాన్ని. పలకను పడుకోబెడితే పగులుతుంది. నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు కూరాలి. నా చేత్తో కట్టిన పెట్టెలో ఒక్క పలక పగిలిందని ఎవరూ అనలేదు. శనివారం తెల్లవారి రమణమ్మ పులిహోర కలుపుతుంటే, నేను పక్కింటి వడ్రంగి దగ్గర రెండు చేటల పొట్టు తెచ్చి, కంప్యూటర్ని సంచిలో నిలబెట్టి, చుట్టూ కూరి జిప్పు వేసినా. ఇంక ఏమీ కాదని నెమ్మదించింది మనసు.

ఏడుంబావు ఎక్స్‌ప్రెస్ ఎక్కినాము. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఊరికేనే. సంచి నా ఒళ్లోనే పెట్టుకున్నా. కంభం ఇంకా రాకముందే ఖాదర్ ఫోన్. లైన్లు బాగుచేస్తున్నారంట, మధ్యాహ్నం మూడు దాకా గిద్దలూరులో కరెంటు లేదంట. "మూడింటి దాకా ఏం చేస్తాము?" అన్నా. రమణమ్మ, "దిగుదాం అత్తా, చెరువు చూద్దాం. పెళ్లై పదిహేనేళ్లు, పక్కనే ఉంటే ఒక్కసారి చూడలే" అన్నది. కొత్త వస్తువు చేతిలో పెట్టుకొని నీళ్ల దగ్గరికా అని నేను గొణిగినా. వినలేదు.

కంభం బస్టాండు దగ్గర కాశయ్య అనే ఆటో ఆయన అయిదొందలు అడిగి నాలుగొందలకు ఒప్పుకున్నాడు, పోనూ రానూ, అక్కడ ఆగేదానితో కలిపి. దారిలో గుంత వచ్చినప్పుడల్లా నేను సంచిని కావలించుకోవడం చూసి, "ఏందమ్మా అది, బంగారమా?" అన్నాడు.

"కంప్యూటర్" అన్నా.

"అయితే చెరువు కట్ట మీద జాగ్రత్త. కోతులు అరటిపళ్లకన్నా సంచులకే ఎక్కువ వస్తాయి. లోపల ఏముందో వాటికి తర్వాత సంగతి."

తొమ్మిదిన్నరకు కట్ట ఎక్కినాము. రెండు కొండల నడుమ కట్ట, అవతల కంటికి ఆనినంత మేర నీళ్లు. రాజుల కాలంలో కట్టిందంట. గాలి చల్లగా ఉంది. ఎండ ఎక్కకముందే పోవడం మంచిది, కట్ట మీద నీడ తక్కువ. కింద పాకలో ఒకామె చేపలు వేయిస్తోంది, ప్లేటు నూరు రూపాయలు. "ముల్లు ఎక్కువ ఉంటుందా అమ్మా?" అని అడిగితే, "ముల్లు లేని చేప కావాలంటే ఇంకో చెరువు చూసుకో పెద్దమ్మా" అన్నది. తీసుకున్నాము. రమణమ్మ మెట్ల మీద కూర్చొని కాళ్లు నీళ్లలో పెట్టింది. జారతావని నేను అంటానే ఉన్నా, తను నవ్వుతానే ఉంది. ఆ పిల్ల నవ్వు విని చాలా రోజులైంది.

అప్పుడే అన్నది, "సంచి ఎండలో పెట్టొద్దత్తా. దానికి కింద సన్న రంధ్రాలున్నాయి, లోపల ఫ్యాను. గాలి పీల్చుకుంటా ఉంటది. దుమ్ము పోయినా పాడైతదంట."

నోట్లో చేప ముక్క అట్లనే ఆగిపోయింది. దుమ్మే పడనప్పుడు రెండు చేటల పొట్టు సంగతేంది? చెప్పాలని నోరు తెరిచినా. పోయిన ఏడాది టీవీని తడిగుడ్డతో తుడిచి పాడుచేసినప్పుడు రమణమ్మ ఒక్క మాట అనలేదు, రెండు రోజులు మాట్లాడలేదు. అది గుర్తొచ్చి మూసుకున్నా. తను పాక దగ్గరికి నీళ్లకు పోయినప్పుడు మెల్లగా జిప్పు తీసి చూసినా. రంధ్రాల నిండా పసుప్పచ్చగా పొట్టు. నోటితో ఊదితే ఇంకా లోపలికి పోయింది. తలెత్తితే రెండు గజాల దూరంలో కోతి, నా ఒళ్లోకే చూస్తోంది. జిప్పు లాగి సంచి మీద వంగిపోయినా. కాశయ్య కర్ర తీసుకొని వచ్చి తరిమినాడు. "భయపడకు అమ్మా, పోయింది" అన్నాడు. నా భయం కోతిని చూసి కాదని ఆయనకెట్ల తెలుస్తుంది.

ఆ తర్వాత చెరువు నేను చూడలేదు. చూసినట్టు తలాడించినా. సోమవారం పదింటికి రమణమ్మ చేతులు కట్టుకొని కూర్చోవడమే కళ్లముందు ఆడింది. ఒంటిగంటకు వెనక్కి వచ్చి, కంభంలో బస్సు పట్టుకొని మూడున్నరకు గిద్దలూరులో దిగినాము. ఖాదర్ దుకాణం బస్టాండుకు నడిచేంత దూరమే. కరెంటు అప్పుడే వచ్చింది. రమణమ్మ టీలు చెప్పడానికి బయటికి పోయింది. ఖాదర్ సంచి తీసుకొని జిప్పు పక్కకు లాగి, లోపలికి చూడకుండానే కంప్యూటర్ అంచు పట్టుకొని పైకి తీసి, అట్లనే బల్ల మీద పెట్టి వైరు గుచ్చబోయినాడు. నేను ఆయన మణికట్టు పట్టుకున్నా.

"పెట్టొద్దు నాయనా. లోపల పొట్టు పోయింది. నేనే నింపినా."

ఖాదర్ సంచిలోకి చూసినాడు, నన్ను చూసినాడు. "ఏంది పెద్దమ్మా, పొట్టుతో ఆపినావే, పలకకు మాదిరి చుట్టూ చెక్క ఫ్రేము కూడా కొట్టకపోయినావా?" అన్నాడు. నేను నవ్వలేకపోయినా. వాకిట్లో రమణమ్మ టీ గ్లాసులు పట్టుకొని నిలబడి ఉంది. అంతా వినింది.

"పొద్దున కట్టేటప్పుడు నాకు తెలియదే" అన్నా.

"చెరువు దగ్గర తెలిసింది కదా."

"తెలిసింది."

"అందుకేనా చేప వదిలేసినావు?" గ్లాసు నా చేతిలో పెట్టింది. "తాగు. చల్లారిపోతది."

ఖాదర్ మరలు విప్పి అడుగు రేకు తీసినాడు. ఫ్యాను రెక్కల్లో పొట్టు చిక్కుకొని ఉంది. బ్రష్షుతో, గాలి కొట్టే మిషన్‌తో ముప్పావు గంట తీసినాడు. "వైరు పెట్టి ఆన్ చేసుంటే ఫ్యాను పట్టేసి లోపల కాలిపోయేదేమో చెల్లే" అన్నాడు రమణమ్మతో. మళ్లీ మూసి నొక్కినప్పుడు నేను కళ్లు మూసుకున్నా. వెలిగింది. దుకాణంలో నెట్ గట్టిది కాబట్టి చుక్కలు తొందరగా ఆగిపోయినాయి. తెలుగు అక్షరాలు ఎక్కించడం, పాస్‌వర్డ్ పెట్టడం, ఆఫీసు వాళ్ల ప్రోగ్రాం పెట్టడం అయ్యేసరికి ఆరు. ఖాదర్ మూడొందలు తీసుకున్నాడు. పొట్టుకు వేరే లెక్క వేయలేదు.

సోమవారం పదింటికి రమణమ్మ కూర్చుంది. నేను వంటింట్లో ఉండి ఆ ఫ్యాను చప్పుడే విన్నా, కూర మాడేదాకా. నాకు భయం చిన్నప్పటి నుంచీ ఉంది, ఈ వయసులో పోదు. వస్తువులకు ఏమైతుందోనని పడే భయం ఎక్కువ, మనిషికి చెప్పాలంటే పడే భయం అంతకన్నా ఎక్కువ. ఆ రెండోది నాలుగయిదు గంటలు కడుపులో పెట్టుకొని అంత పెద్ద చెరువు చూడకుండా వచ్చినా. రమణమ్మ దాని గురించి మళ్లీ ఎత్తలేదు. ఈసారి రెండు రోజులు మాట్లాడకుండా కూడా ఉండలేదు. అదే నాకు ఎట్ల తీసుకోవాలో తెలియడం లేదు.

పోయేవాళ్లకు ఒక్క మాట: చెరువు కట్ట దగ్గర తిరుగు ఆటోలు దొరకవు. కంభంలో ఎక్కిన ఆటోనే అక్కడ ఆగేట్టు ముందే మాట్లాడుకొని, ఆయన ఫోన్ నంబరు తీసుకొని పోండి.