సువార్తక్క చుట్టపుచూపు

“అట్లా కాదు, ఇంకా గట్టిగా తిప్పు!” అంటూ వంజీరు నా చేతిలోని చెక్కగరిటె లాగేసుకుంది. ఈ అరబ్బు దేశంలో, జాబ్రియా పేటలో మేం పనిచేసే ఇంట్లో వంటగది మా ఇద్దరిదీ. తను కెన్యా అమ్మాయి. మేం ‘మామా’ అని పిలిచే ఇంటి యజమానురాలూ వాళ్లూ బయటికి వెళ్లిన పూట మొక్కజొన్న పిండితో వాళ్ల ఊరి ఉగాలి చేస్తుంది. చూడ్డానికి మా రాయచోటి సంకటే, కాకపోతే తెల్లగా ఉంటుంది. మరిగే నీళ్లలో పడ్డ పిండి పచ్చివాసన పోయి కమ్మగా మారుతుంటే సువార్తక్క గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను. ఉగాలి అనే మాట నేను మొదట విన్నది ఆవిడ నోటే, ఒక కోడి కథతో సహా.

సువార్తక్కది భీమవరం దగ్గర పల్లె. ఇక్కడ నర్సు. మామా వాళ్లమ్మ కాలిపుండుకు కట్టు కట్టడానికి మా ఇంటికి వచ్చేది. మొదటిరోజే పని ముగించుకొని వంటగదిలోకి వచ్చి, “ఏమ్మాయ్, మజ్జిగుందా? గొంతెండిపోతంది” అంది. ఈ దేశం వచ్చాక నన్ను అది తే, ఇది తే అన్నవాళ్లే కానీ, ఉందా అని అడిగినవాళ్లు లేరు. అల్లం దంచి, ఉన్న రెండు కరివేపాకు రెబ్బలూ తుంచి వేసి ఇచ్చాను.

“అబ్బ, ప్రాణం లేచొచ్చింది. నీ పేరేంటి?”

“రెడ్డెమ్మ.”

“శుక్రవారం నీకు సెలవేగా రెడ్డెమ్మా? నాతో మంగఫ్ దాకా వచ్చెయ్.”

“నేను చర్చికి రానక్కా. మా దేవుళ్లు వేరే.”

“చర్చికి రమ్మన్నానా? చర్చయ్యేకే వెళ్దాం. నడవడానికి కాళ్లుంటే చాలు.”

ఆవిడ వెళ్లేది పని పోయినవాళ్ల దగ్గరికి, జబ్బుపడి గదుల్లో ఉండిపోయినవాళ్ల దగ్గరికి. నేనేమో బియ్యం, పప్పు, దుప్పట్లు పెద్ద సంచీలో కుక్కుకొని బస్టాపుకు వెళ్లాను. ఆవిడ భుజాన ఒట్టి హ్యాండ్‌బ్యాగే ఉంది. “ఏంటే, సారె మోసుకొచ్చేవా?” అని నవ్వింది. “లేనోళ్లింటికి ఉత్త చేతుల్తో ఎట్ల పోయేదక్కా?” అన్నాను. “మొదటిసారి అలాగే వెళ్లాలి” అని ఆ సంచీని పక్క కొట్టువాడి దగ్గర పెట్టించేసింది. పిసినారిదేమో అనుకున్నాను. బస్సెక్కాక కోడి కథ చెప్పింది.

ఒక ఏడాది వాళ్ల చర్చివాళ్లు ఆఫ్రికాలో మారుమూల పల్లెకు వెళ్లారట. ఇంటింటికీ తిరిగి పిండి, సబ్బులు పంచి, ప్రార్థన చేసి వచ్చేవాళ్లట. “ఒక ముసలమ్మ. కొడుకూ కోడలూ పోయేరు, ఇద్దరు మనవలు. పొట్లం ఇస్తే తీసుకుంది గానీ తలెత్తదే! మేం లేస్తుంటే నా చెయ్యి పట్టుకు కూర్చోబెట్టి ఉగాలి పెట్టింది. అది తిన్నాక, కాళ్లు కట్టిన కోడిని తెచ్చి నా ఒళ్లో పడేసింది. నాకు కోళ్లంటే చచ్చేంత భయం!”

“తీసుకున్యావా?”

“తీసుకోక? వద్దనబోతే మా పాస్టరుగారు కళ్లెర్రజేసేరు. దాన్నట్టుకుని కూర్చున్నాక అప్పుడు చూసిందమ్మా నా మొహంలోకి. ఒకటే నవ్వు! ఆ కోడి నా చీర మీద చేసిన నిర్వాకం మాత్రం అడక్కు.” ఆవిడ నవ్వుకి బస్సులోవాళ్లంతా వెనక్కి తిరిగారు. “మనకి పెట్టనివ్వాలే పిల్లా. అప్పుడే మనిషి మనతో మాట్లాడుద్ది” అంది, కళ్లు తుడుచుకుంటూ.

ఆరోజు మేం వెళ్లింది గంగాదేవి గదికి. పులివెందుల వైపు మనిషి, కడుపుతో ఉంది. భర్త ఈశ్వరయ్య పనిలో కిందపడి, కాలు విరిగి మంచం మీదున్నాడు. వీసా ఇచ్చి రప్పించిన కఫీల్ ఇంటినుంచి బయటికి వచ్చేయడంతో, ఈ దేశంలో ఉండనిచ్చే ఆమె ఇఖామా కాగితం చెల్లకుండా పోయింది. పట్టుకుంటారని గడప దాటదు. తలుపు సగమే తీసి, “ఎవురు?” అంది.

“చుట్టపుచూపుగా వచ్చేం. ఆకలేస్తంది, ఏం వండేవు?” అంది సువార్తక్క.

“చారు తప్ప ఏం లేదుమ్మా.”

“చారే కావాలి.” రెండుసార్లు వడ్డించుకుని, పైగా “ఉప్పు చాల్లేదు” అని వంక పెట్టింది. గంగాదేవి ఊరుకుంటుందా? “మీ గోదారోళ్లకు నోరంతా ఉప్పేలే” అనేసింది. ఇక అక్కడినుంచి మాటలే మాటలు. నా సంచీ తర్వాతి శుక్రవారం ఆ గడప దాటింది.

కొన్ని వారాలయ్యాక వెళ్లేసరికి గంగాదేవి కాళ్లు వాచి, చెప్పులు పట్టడం లేదు. తలనొప్పి అంది. అక్క బ్యాగులోంచి బీపీ మిషను తీసింది. ఆమె చెయ్యి వెనక్కి దాచుకుంది. “చూస్తే ఆస్పత్రికి పొమ్మంటావు. ఆడ ఇఖామా అడుగుతారు. నన్ను ఊరికి తోలేస్తే ఈయన్నెవరు చూస్తారు?”

అక్క వాదించలేదు. పట్టీ నా చేతికి చుట్టింది. తర్వాత ఈశ్వరయ్యకు. “నాకు ఈమెను చూస్తేనే పెరుగుతాది” అన్నాడు అతను. “ఓహో! అయితే నాదీ చూడు, ఎవురికి ఎవురు పెంచినారో తేల్తాది” అని గంగాదేవి చెయ్యి చాపింది. అక్క అంకె చూసి, మళ్లీ ఒకసారి చూసి, పట్టీ మెల్లగా విప్పింది.

“రేపు పొద్దున్నే డాక్టరుకి చూపించాలి. ఈలోగా తలనొప్పి పెరిగినా, కళ్లు మసకేసినా తెల్లారేదాకా ఆగకు, వెంటనే ఫోన్ చెయ్యి. బిడ్డ నీకు కావాలా, వద్దా?”

గంగాదేవి మొగుడివైపు ఒకసారి చూసి, “ఎవురన్నా తోడొస్తే పోతా” అంది.

“నాకు డ్యూటీ. రెడ్డెమ్మొస్తాది.”

మర్నాడు మామా ఇంట్లో విందు. “మామా పంపదక్కా” అన్నాను బయటికొచ్చాక. “అడిగేవా?” “లేదు.” “మరి పంపదని ఎలా తెలుసు?”

సువార్తక్క ఇప్పుడు వాళ్ల ఊరెళ్లిపోయింది. మంగఫ్‌కు నేనే వెళుతున్నాను, వీలైతే వంజీరు కూడా వస్తుంది. ఏ గదికి వెళ్లినా కూర్చోకముందే ఏదో ఒకటి అడుగుతాను, టీ గానీ, ఊరగాయ ముక్క గానీ. మీకు ఆత్రంగా ఉంటుందని ముందే చెప్పేస్తున్నాను, గంగాదేవీ, బిడ్డా బాగున్నారు. కాగితాలు తేలడానికే చాలా తిప్పలయ్యాయి. కానీ ఆ మర్నాడు అవేవీ నాకు తెలియవు.

మామా కాఫీ తాగుతుంటే ఎదురుగా నిలబడ్డాను. “మామా, నాకు ఈ పూట కావాలి” అని, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “వంటో?” “వచ్చి చేస్తాను.” “యల్లా, వెళ్లు. తొందరగా రా” అంది. అంతే!

ఆస్పత్రిలో పేరు పిలిచినప్పుడు గంగాదేవి నా కొంగు వదల్లేదు. తలుపు దగ్గర ఉన్నామె నన్ను ఆపి, నువ్వెవరు, తనకేమవుతావు అని హిందీలో అడిగింది. “చెల్లెల్ని” అని చెప్పి, గంగాదేవి చెప్పులు చేత పట్టుకొని, ఆమెతోపాటు లోపలికి వెళ్లాను.