నీళ్లు తాగే రాయి

మా చిన్నాయన ఘనపూర్ చెరువు వెంట నడిచేటప్పుడు దోసిట్లో నీళ్లు తెచ్చి దారి పక్క రాళ్ల మీద పోసేవాడు. ఊళ్లోవాళ్లకది పిచ్చి, నాకు ఆట. నల్లరాయి మీద నీళ్లు జారిపోయేవి. ఇసుకరాయి మీద చూస్తుండగానే ఇంకిపోయేవి.

"గిది ఒకప్పుడు ఏటి ఇసుకనే. రాయైనంక గూడ రేణువుల నడుమ నీళ్లకు జాగా ఉంచుకున్నది," అనేవాడు మురిసిపోతూ.

అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతబడితే, హైదరాబాద్‌లో చదువుతున్న రాళ్ల చదువు, జియాలజీ, ఆపి ఇంటికొచ్చాడు. అక్కడ తన గదిలో ఉండే స్నేహితుడు పోలీసు కాల్పుల్లో పోయాడని కబురొచ్చిన రోజు కంట తడి పెట్టలేదు. అన్నం ముట్టలేదు. చెరువు దారి పట్టాడు. నాయనమ్మా నేనూ వెనకే వెళ్లాం.

ఇసుకరాయి మీద దోసిలి వెనక దోసిలి పోస్తున్నాడు.

"ఎన్ని పోసినా పైన చుక్క నిలుస్తలేదు అవ్వా," అన్నాడు తల్లితో.

నాయనమ్మ రాయి మీద అరచెయ్యి ఆనించింది. అదే తడి చేతిని కొడుకు రొమ్ము మీద పెట్టింది.

"ఏడికి పోతయ్ బిడ్డా? లోపటనే ఉన్నయ్."

చిన్నాయన అప్పుడు ఏడ్చాడు, ఆ రాయి మీదే కూలబడి.